మా పెట్టలకు గుడ్ల గూళ్లు: ఫిబ్రవరి నుంచి మృగశిర దాకా

ఫిబ్రవరి 2, 2025, ఆదివారం

వాషింగ్ మెషీన్ వచ్చిన అట్టపెట్టె వెనకాల ఈ పొద్దున పదకొండు గుడ్లు బయటపడ్డాయి. మనమేదో వెతికి పట్టుకున్నది కాదు, చీపురు తగిలి ఒకటి పగిలితే ఆ కంపుకి తెలిసింది. మిగతా పదీ బకెట్ నీళ్లలో వేస్తే ఆరు అడుగున బుద్ధిగా పడుకున్నాయి, నాలుగు తేలాయి. తేలినవాటిని అమ్మ కొబ్బరిచెట్టు మొదట్లో గొయ్యి తీసి పూడ్చింది. గత వారం బండి సీటు మీద ఒకటి, దానికి ముందు ఉతికిన బట్టల బుట్టలో ఒకటి. బట్టల బుట్ట తర్వాత మా ఆవిడ ఇచ్చిన గడువు పదిహేను రోజులు. ఆలోపు ఈ కోళ్లకి గుడ్లు పెట్టడానికి ఒక చోటు చూపించాలి, లేదా ఇవి ఇంకో ఇల్లు చూసుకోవాలి.

మాది ఖమ్మం జిల్లాలో వైరా దగ్గర. పెరట్లో ఎనిమిదడుగులకు ఆరడుగుల రేకుల షెడ్డు, తొమ్మిది పెట్టలు, ఒక పుంజు. పెట్టల్లో ఐదు గ్రామప్రియలు, నాలుగు నాటువి. గ్రామప్రియ అంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన రకం. గోధుమరంగు గుడ్లు పెడుతుంది, పొదుగు మీద పెద్దగా ధ్యాస ఉండదు. నాటుది అలా కాదు, పన్నెండో పదిహేనో పెట్టి ఇక లేవనంటుంది. గుడ్ల పెట్టెలు ఎన్ని కావాలో లెక్క వేసేటప్పుడు ఈ తేడా చూసుకోవాలి, ఎందుకంటే పొదుగుకొచ్చిన పెట్ట ఒక పెట్టెని మూడు వారాలు కబ్జా చేస్తుంది.

మామూలు లెక్క నాలుగైదు పెట్టలకు ఒక పెట్టె. ఆ లెక్కన నాకు రెండు చాలు, నాటు పెట్టల కబ్జా కోసం ఇంకొకటి కలిపి మూడు అనుకున్నాను. ఒక్కోటి లోపల అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. పెద్దగా చేస్తే రెండేసి దూరి గుడ్లు తొక్కుతాయి. ముందువైపు నాలుగంగుళాల అడ్డపట్టీ, గడ్డి కిందపడకుండా. పైకప్పు బాగా ఏటవాలుగా ఉండాలి, చదునుగా ఉంటే ఎక్కి పడుకుంటాయి, పొద్దున్నే మనం పెంట గోక్కోవాలి.

చికెన్ సెంటర్ అతను పాత ప్లాస్టిక్ క్రేట్లు ఊరికే ఇస్తానన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. "ఎక్కడెక్కడి కోళ్లో తిరిగిన పెట్టెలు మనింటికెందుకురా?" అంది. ఊరికే వచ్చేది వదులుకోవాలంటే నాకు కొంచెం బాధే అయింది.

ఫిబ్రవరి 9

పెట్టె అయిపోయింది! పాత కప్‌బోర్డు విప్పితే వచ్చిన 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, నాలుగు రీపర్లు, రెండు బందులు, ఒక గొళ్లెం, అరకిలో మేకులు. మూడు గదులు ముప్పై ఆరంగుళాలు, అటూ ఇటూ మధ్యా కలిపి నాలుగు చెక్కలు, ఒక్కోటి అరంగుళం, అంటే మొత్తం ముప్పై ఎనిమిది. ఈ రెండంగుళాలు మర్చిపోయి నేను మొదట ముప్పై ఆరుకే కోశాను. కప్‌బోర్డుకి ఇంకో తలుపు ఉంది కాబట్టి బతికిపోయాను. మేకులు దిగగొడుతుంటే ప్లైవుడ్ అంచులు పొరలుపొరలుగా విచ్చుకున్నాయి, తర్వాత మా వడ్రంగి చూసి ముందు సన్న బిట్‌తో బెజ్జం వేసుకోవాలి సార్, అన్నాడు. అవును, ఇప్పుడు తెలుసు.

వెనకవైపు మూత పెట్టాను. లోపలికి వెళ్లకుండా షెడ్డు బయటి నుంచే మూత ఎత్తి గుడ్లు తీసుకోవచ్చు. మా వాడు మూడుసార్లు ఎత్తి చూశాడు, కోళ్లు ఇంకా లోపలికి వెళ్లనే లేదు.

మూడడుగుల ఎత్తులో గోడకి బిగించాను. లోపల మూడంగుళాలు ఊక, పైన వరిగడ్డి.

ఫిబ్రవరి 12

బర్డ్ ఫ్లూ వార్త. పశ్చిమగోదావరిలో కోళ్ల ఫారాల్లో తేలిందని టీవీలో చూపిస్తున్నారు, ఆంధ్ర నుంచి వచ్చే కోళ్ల లారీలను సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర వెనక్కి తిప్పుతున్నారు. మాకు సరిహద్దు ఎంతో దూరం లేదు. అమ్మ క్రేట్ల సంగతి ఎత్తలేదు, నా వైపు ఒకసారి చూసిందంతే.

ఇవాళ్టి నుంచి కోళ్లు బయటికి వదలడం బంద్. కొంగలూ కాకులూ వాలే చోట తిరగనివ్వకూడదు, దాణా గిన్నె లోపలే, షెడ్డులోకి వెళ్లడానికి వేరే చెప్పులు. పెట్టె పూర్తయిన మూడో రోజే వీటిని లోపల పెట్టాల్సి రావడం ఒకందుకు మంచిదైంది. బట్టల బుట్ట దాకా వెళ్లే దారి లేదు కదా.

ఫిబ్రవరి 16

తప్పు ఎక్కడ చేశానో దొరికింది. కోళ్లు రాత్రి పడుకునే సర్వీ బాదు రెండున్నర అడుగుల ఎత్తులో ఉంది, నేను పెట్టె మూడడుగుల్లో బిగించాను. కోడికి రాత్రి ఎక్కడ ఎత్తు ఉంటే అక్కడ పడక. వారం రోజుల నుంచి నాలుగు కోళ్లు పెట్టెల్లోనే పడుకుంటున్నాయి, కొత్త గడ్డంతా పెంట, గుడ్లు మాత్రం కింద మూల ఊకలో. పెట్టె ఊడదీసి అడుగున్నరకి దించాను, బాదు మూడడుగులకి పెంచాను. ముందు ఎక్కి నిలబడడానికి ఒక రీపరు ముక్క.

ఇంకో పని దొంగ గుడ్డు, అంటే గుడ్లు ఇక్కడే పెట్టాలని కోళ్లకి చూపించే ఉత్తుత్తి గుడ్డు. మా వాడు గుడ్డుకి రెండు వైపులా సూదితో బెజ్జం పెట్టి ఊదేశాడు, ఆ పచ్చసొనతో వాడే ఆమ్లెట్ తిన్నాడు, ఖాళీ పెంకులోకి వైట్ సిమెంటు పలచగా కలిపి ఇంజక్షన్ సిరంజితో ఎక్కించాం. రెండు రోజుల్లో రాయి అయింది. పైన నిజం పెంకే కాబట్టి కోడి కాదు, నేనే మొదటిరోజు పొరపాటున వంటింట్లోకి తీసుకెళ్లాను. ఒక గదికి ఒకటి చొప్పున మూడు పెట్టాం.

ఫిబ్రవరి 23

పెడుతున్నాయి! కానీ అన్నీ నడిమి గదిలోనే. ఎడమ, కుడి గదులు ఖాళీ, నడిమి దాని ముందు క్యూ. చెక్కా ఒకటే, గడ్డీ ఒకటే, దొంగ గుడ్డు కూడా ఒకటే. ఎందుకని గంటన్నర కుర్చీ వేసుకుని కూర్చున్నాను (సెలవు రోజు నేను ఏం చేశానని ఎవరైనా అడిగితే ఇదీ జవాబు).

నల్లమచ్చల గ్రామప్రియ ఎనిమిదింపావుకి కేరడం మొదలుపెట్టింది. ఎడమ గదిలో తల పెట్టింది, ఒక కాలు పెట్టింది, ఆ కాలు అలాగే గాల్లో ఆపి చాలాసేపు ఆలోచించి వెనక్కి తీసుకుంది. నడిమి గదిలో అప్పటికే ఒక నాటుది కూర్చుని ఉంది. ఇది దాని పక్కనే దూరి, ముక్కుతో ఒక్కో గడ్డిపోచ తీసి తన వీపు మీదికి విసురుకుంటూ, గుండెలతో గడ్డిని అటూ ఇటూ తోసి గుంట చేసుకుంటూ, ఇరవై నిమిషాలు కూర్చుంది. తర్వాత సగం లేచి నిలబడింది, ఒళ్లంతా ఒకసారి బిగిసింది, గుడ్డు జారింది. తడిగా, మెరుస్తూ. చూస్తుండగానే ఆ తడి ఆరిపోయింది. అప్పుడు బయటికొచ్చి కొక్కొక్కొక్కో అని ఊరంతా వినిపించేలా చెప్పుకుంది, పుంజు కూడా గొంతు కలిపాడు, వాడేదో పెట్టినట్టు.

నాకు అర్థమైంది వెలుతురు సంగతి. షెడ్డుకి రెండు పక్కలా జాలీ ఉంది కాబట్టి చివరి గదుల్లో చెక్కల సందుల్లోంచి ఎండ పడుతోంది, నడిమిది చీకటి. గోనెసంచి చించి మూడింటికీ సగం దాకా తెరలు కట్టాను. సాయంత్రానికి తేడా ఏం లేదు, మూడో రోజుకి కుడి గదిలో ఒకటి.

మార్చి 9

ఒక కోడి గుడ్లు తినడం మొదలుపెట్టింది. నడిమి గదిలో పచ్చసొన అంటిన గడ్డి, పెంకు ముక్క కూడా లేదు. కారణం నేనే. రెండు మూడు కోళ్లు ఒకే గదిలో కుక్కుకుంటే ఒకటి పగిలింది, ఒకసారి రుచి తగిలాక అది ఆగదు. పెంకులు పలచగా ఉన్నాయేమో అన్న అనుమానం కూడా ఉంది, వాడిన గుడ్డు పెంకులు పెనం మీద వేయించి పొడి చేసి దాణాలో కలుపుతున్నాం. గుడ్డు అని గుర్తుపట్టనంతగా పొడి చేయాలి, లేకపోతే మనమే నేర్పినట్టు.

అందుకని కుడి గదిని జారుడు గదిగా మార్చాను. అడుగు ఏటవాలుగా ఉంటుంది, గుడ్డు పెట్టగానే వెనక్కి దొర్లి ఒక మూతున్న తొట్టిలోకి పోతుంది, కోడికి అందదు. వినడానికి సులువు. అడుగు పొడవుకి రెండంగుళాల వాలు ఇచ్చాను, గుడ్డు స్కూటర్‌లా పోయి వెనక చెక్కకి కొట్టుకుంది, పెంకు నెర్రె. చివర పాత ట్యూబు రబ్బరు అంటించాను, ఇంకోటి నెర్రె. వాలు అంగుళానికి తగ్గించాను, అడుగున పరిచిన కృత్రిమ గడ్డి చాప మీద గుడ్డు ఎక్కడిది అక్కడే ఆగింది. అంగుళంన్నర దగ్గర కుదిరింది. అంటే ఆరు గుడ్లతో పరీక్ష చేస్తే ఆరూ నెమ్మదిగా దొర్లి రబ్బరుకి ఆనుకున్నాయి. నేను తెగ మురిసిపోయాను. కోళ్లు మాత్రం ఒక్కటంటే ఒక్కటి అందులో పెట్టలేదు, గోకడానికి గడ్డి లేని చోట వాటికేం పని?

చివరికి గుడ్లు తినే దాన్ని ఆపింది వైట్ సిమెంటు గుడ్డే. మూడు రోజులు టకటకా పొడిచింది, పైపెంకు ఊడి తెల్ల రాయి బయటపడింది, ఊరుకుంది. నేను కూడా ఆఫీసుకి వెళ్లేముందు ఒకసారి, అమ్మ పదకొండింటికి ఒకసారి గుడ్లు తీసేస్తున్నాం. చాలామటుకు ఆలోపే పెట్టేస్తాయి.

మార్చి 30, ఉగాది

పచ్చడి తిని పెరట్లోకి వెళ్తే అమ్మ షెడ్డు ముందు నిలబడి ఉంది. నాలుగు రోజుల నుంచి కోళ్లు చీకటిపడినా లోపలికి వెళ్లనంటున్నాయట. బర్డ్ ఫ్లూ గొడవ తగ్గాక సాయంత్రాలు వదులుతున్నాం కాబట్టి గాలికి బయట ఉంటున్నాయనుకున్నాను. అమ్మ పెట్టె మూత ఎత్తి చెయ్యి లోపల పెట్టి తీసి నా ముందు చాపింది. చేతి వెంట్రుకల మధ్య బూడిద రేణువుల్లాంటివి నడుస్తున్నాయి. ఒకదాన్ని గోరుతో నొక్కితే ఎర్రగా మరక.

కోడిపేలు అంటాం కానీ ఇవి పగలు కోడి మీద ఉండేవి కావు. చెక్క సందుల్లో, మేకు తలల కింద దాక్కుని రాత్రి వచ్చి రక్తం తాగి మళ్లీ సందుల్లోకి పోతాయి. నా పెట్టెలో సందులకేం తక్కువ! పొరలు విచ్చిన ప్లైవుడ్ అంచులు, రీపరు వెనకాల, బందుల కింద, కృత్రిమ గడ్డి చాప అడుగున. ముఖ్యంగా చాప అడుగున. నా జారుడు గది వాటికి కల్యాణ మండపం అయింది.

పండగ పూట పెట్టె మొత్తం ఊడదీశాం. గడ్డి తగలబెట్టాం, చెక్కల మీద మసలకాగిన నీళ్లు పోశాం, ఎండలో నిలబెట్టాం, తర్వాత సున్నం కొట్టాం. బాదు చివర్లకి వేపనూనె. కోళ్లకి మూలన గొయ్యి తీసి పొయ్యి బూడిద, పొడి మన్ను కలిపి పోస్తే గంటసేపు అందులో పొర్లాయి. కొన్ని రోజుల తర్వాత టార్చి వేసి చూస్తే సున్నం పెచ్చు కింద మళ్లీ ఉన్నాయి.

పైగా ఎండ. మధ్యాహ్నం రెండింటికి షెడ్డు బయట నీడలో 38 ఉంటే పెట్టె లోపల 41. నేను చూసిన కొలతలన్నీ చలిదేశాల వాళ్లవి అని ఇప్పుడు తట్టింది. వాళ్లకి గాలి దూరకూడదు, వెచ్చగా ఉండాలి, అందుకే గోడకి బిగించిన మూత పెట్టె. మనకి కావాల్సింది దానికి పూర్తిగా తలకిందులు. వారానికోసారి ఎత్తి ఎండలో పడేయలేని గూడు మన దగ్గర పనికిరాదు, ఎంత బాగా కోసినా సరే.

"కుండలో అయితే సందేముంది?" అంది అమ్మ. వాళ్ల పుట్టింట్లో పగిలిన బాన సగం ముక్కలో ఊక పోసి పొదగేసేవాళ్లట. ఈ మాట ఫిబ్రవరిలో చెప్పొచ్చు కదమ్మా అంటే, "నువ్వు అడిగావా? టేపు పట్టుకుని తిరిగావు" అంది.

ఏప్రిల్ 6, శ్రీరామనవమి

టీవీలో భద్రాచలం కల్యాణం అయ్యాక కుమ్మరి వాళ్లింటికి వెళ్లాను. ఎండాకాలం, మంచినీళ్ల కుండల సీజను, కుండలు కాల్చే వాములోంచి తీసినవి వరసగా పేర్చి ఉన్నాయి. పడుకోబెడితే కోడి దూరాలి, పొట్ట పద్నాలుగంగుళాలు, మూతి తొమ్మిది అన్నాను. "నీళ్లకా?" "కోళ్లకి, అన్నా." ఆయన నవ్వలేదు, మూతి తొమ్మిది చాలదు, పది పెడతానన్నాడు, అంచు మందంగా తిప్పితే కోడి ఎక్కినా పెచ్చు లేవదని తనే చెప్పాడు. వెనకవైపు గాలికి నాలుగు బెజ్జాలు పచ్చి మీదే పొడుస్తానన్నాడు. ఒక్కోటి 180 రూపాయలు, మూడు. ప్లైవుడ్ పాతదే అయినా బందులు, గొళ్లెం, చాప, రబ్బరు, వైట్ సిమెంటు అన్నీ కలిపి నాకు తొమ్మిదివందల దాకా అయ్యాయి, ఇంట్లో ఆరొందలని చెప్పాను.

ఏప్రిల్ 20

కుండలు పెట్టి వారం అయింది. పడుకోబెట్టిన కుండకి మూతి అంచే అడ్డపట్టీ, పొట్ట నుంచి అంచు దాకా రెండంగుళాలు గడ్డిని పట్టుకుంటుంది. మొదటిరోజే ఒకటి పోయింది. కింద ఇటుకలు పెట్టి ఆనించాను, పుంజు పైకెక్కాడు, కుండ దొర్లింది, రెండు ముక్కలు. ముక్కలు అమ్మ దాచుకుంది. మిగతా రెండింటికి బల్ల మీద మట్టితో గుంట గద్దెలు చేసి కూర్చోబెట్టాను, ఇప్పుడు తొక్కినా కదలవు, కానీ రెండు చేతులతో ఎత్తితే వచ్చేస్తాయి. ప్రతి ఆదివారం గడ్డి తీసి, ఎండలో బోర్లించి, సాయంత్రం వేపాకు అడుగున వేసి కొత్త గడ్డి. టార్చి వేసి చూశాను, పేలు లేవు. బాదు చివర్లలో ఇంకా కొన్ని ఉన్నాయి, అది వేరే యుద్ధం.

నిన్న రెండింటికి బయట నీడలో 42, కుండ లోపల 37. మధ్యాహ్నం పైన తడి గోనెసంచి కప్పుతున్నాం. బాగా తడిపితే లోపలికి చెమ్మ దిగి గడ్డి ముక్కిపోతుంది, కాబట్టి పిండి వేయాలి.

మొదట కుండలు నేల మీదే పెట్టాను. గురువారం షెడ్డు మూలలో ఊక కింద కుబుసం కనిపించింది, మూరెడు పైనే ఉంది. ఆ రోజే బల్ల తెచ్చాను, కింద రెండడుగుల దాకా అంగుళం జాలీ తీసేసి అరంగుళం జాలీ కొట్టించాను. మా వాడికి రూలు పెట్టాం, టార్చి వేయకుండా కుండలో చెయ్యి పెట్టకూడదు. ఈ రూలు నాక్కూడా.

ఇంకో సంగతి, ఎర్ర నాటుది పొదుగుకొచ్చింది. కుండలో కూర్చుని ఈకలు ఉబ్బించి, చెయ్యి పెడితే పాములా బుస్సుమంటోంది. ఎండలు ముదురుతున్నాయి, ఈ కాలంలో వద్దన్నాను. రోహిణి కార్తెలోపు దిగిపోతాయిలే అని అమ్మ లెక్క. తొమ్మిది గుడ్లు పెట్టి, తేదీ పెన్సిల్‌తో రాసి, ఆ పగిలిన కుండ సగం ముక్కలో ఊక పోసి, రాత్రిపూట దాన్ని అందులోకి మార్చి మా వరండాలో పెట్టాం. గుడ్లు పెట్టే కుండలు గుడ్లు పెట్టేవాటికే ఉండాలి. అక్కడే పొదగనిస్తే మిగతావి వచ్చి దాని కిందే కొత్త గుడ్లు పెట్టి పోతాయి, ఏది ఎప్పటిదో తెలియదు.

మే 11

ఇరవై ఒకటో రోజు. నిన్న రాత్రి నుంచే పెంకులోపల కిచకిచలు, పొద్దున్నకి నాలుగు, మధ్యాహ్నానికి ఇంకో రెండు. తొమ్మిదిలో ఆరు. రెండు మురిగాయి, ఒకటి లోపలే పోయింది. ఈ ఎండల్లో ఆరు దిగడమే గొప్ప అని అమ్మ అంటోంది. తల్లి ముక్కుతో నూక పొడిచి చూపిస్తే పిల్లలు నూక వదిలేసి దాని ముక్కునే పొడుస్తున్నాయి.

ప్లైవుడ్ పెట్టె ఏం చేయాలని మా ఆవిడ అడిగింది. చెప్పుల స్టాండు బాగా కుదిరింది, మూడు గదులు, ముందు అడ్డపట్టీ, పైన వాలు. సున్నం మాత్రం చెప్పులకి అంటుతోంది.

జూన్ 8, మృగశిర

రెండు వానలు పడ్డాయి. ఇంట్లో చేపల పులుసు, పెరట్లో కొత్త సమస్య. కుండ వెనక గాలి బెజ్జాల్లోంచి జల్లు లోపలికి కొడుతోంది, నిన్న ఒక గుడ్డు కింద గడ్డి తడిసి పెంకుకి బురద. కుండలు తిప్పి వెనకభాగం గోడవైపు పెట్టాలి, అలా చేస్తే మూతి వెలుతురువైపు వస్తుంది, మళ్లీ గోనె తెర కట్టాలి. పగిలిన కుండ బదులు ఇంకోటి చెప్పాను, ఇప్పుడు కుమ్మరి అన్న వానలకి వాము పెట్టడం లేదు, ఎండ కాసే నాలుగు రోజులు చూసి చేస్తానన్నాడు. అప్పటిదాకా తొమ్మిది పెట్టలకు రెండు కుండలు. నల్లమచ్చల గ్రామప్రియ క్యూలో నిలబడడం ఇష్టం లేక ఇవాళ చెప్పుల స్టాండులో పెట్టింది, కుడి గదిలో.